గుర్రం బొమ్మ నాణెం

మామయ్యకి నమస్కారం.

అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క సంగతి తప్ప.

మా ఆయన ఆన్‌లైన్ వేలంలో గుర్రం బొమ్మ ఉన్న పాత వెండి నాణెం పాడుకున్నారు. పొంగిపోయి ఆఫీసులో అందరికీ చూపించుకొచ్చారు. పాత నాణేన్ని కడగకూడదని, ఆ నలుపే దాని వయసని చిన్నప్పుడు మీరే నాకు చెప్పారు. అయినా చెయ్యి ఊరుకోక, నిన్న సబ్బు పెట్టి తోమాను. నలుపంతా దిగిపోయి కొత్త గిన్నెలా తళతళలాడింది. నా వేళ్లకి మాత్రం బూట్ల పాలిష్ వాసన పట్టుకుంది.

ఆ వాసన నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో మీ ఇంట్లో ఉన్నప్పుడు, మీరు పాత నాణేలు పెట్టుకునే మేడమీద గదికి కాఫీ తెచ్చినప్పుడల్లా వచ్చేది. అదేమిటని అడిగితే, "బూట్లు తుడుచుకుంటున్నానే అమ్మాయ్" అనేవారు. మీ కాళ్లకి చెప్పులు తప్ప బూట్లు నేనెన్నడూ చూడలేదు.

ఈ మాట ఇంకా ఎవరితోనూ అనలేదు.

బంగారంలాంటి నాణేన్ని పాడుచేశానని మా ఆయన నన్ను చెడామడా తిట్టారు. "మీ మామయ్యకే చూపిద్దాం, ఆయనకి తెలియని నాణెమా!" అంటున్నారు. ఆదివారం వస్తున్నాం. కడగడం వల్లే పాడైందని మీరు ఒక్క మాట అంటే చాలు, ఆయన నమ్మేస్తారు, తప్పు నామీదే ఉండిపోతుంది.

అంటారో లేదో, పక్కనే కూర్చుని వింటాను.

మీ మేనకోడలు