కొండల మీద వాము వాసన

2007 మార్చి 4, ఆదివారం

పొద్దున నాలుగు డిగ్రీలు. మధ్యాహ్నం ఇరవై ఆరు. ఫోన్‌లో మా ఆయనకి ఇరవై ఆరే చెప్పాను. అబద్ధం కాదు కదా.

మా పాప గ్రేస్ మళ్ళీ రాత్రంతా దగ్గిందట. ఆక్లాండ్‌లో మా మనురేవా ఫ్లాట్ గోడకి చెమ్మతో మళ్ళీ నల్లగా బూజు. బ్లీచ్ పెట్టి తుడిచారట. వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది, నాకు తెలియని గోడా అది. "ఈస్టర్ లోపు తేల్చేద్దాం సువర్ణా, తొందరపెట్టకు" అన్నారు. వాళ్ళిద్దరూ ఇక్కడికి రావడమా, నేను ఈ ఉద్యోగం మానేసి ఆక్లాండ్ వెళ్ళిపోవడమా... ఐదు నెలలైంది దక్షిణాన ఈ కొండల ఊరికొచ్చి. ఏడేళ్ళ పిల్లని వదిలి ఉండటం ఇక నా వల్ల కాదు.

మార్చి 6

మబ్బు లేదు. వాన లేదు. ఉతికిన యూనిఫాం గంటలో ఆరి అప్పడంలా బిగుసుకుంటోంది. పెదాలు పగిలిపోయాయి. పగలనీ. ఆక్లాండ్‌లో తువ్వాలు మూడు రోజులైనా ఆరేది కాదు.

మార్చి 8, గురువారం

డ్యూటీ దిగాక ఊరి వెనక కొండ ఎక్కాను. చెట్టు లేదు, చేమ లేదు. రాళ్ళు, రాళ్ళ మధ్య బూడిదరంగు పొదలు, నేలకి అంటుకుని. ఒకదాని మీద కాలు పడింది. గుప్పున వాము వాసన.

అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు జలుబు చేస్తే అమ్మ పెనం మీద వాము వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి, ఛాతీకి కాపడం పెట్టేది. ఇక్కడ కొండ మొత్తం అదే వాసన. తెంపి ముక్కు దగ్గర పెట్టుకుని దిగాను. దారిలో ఒకావిడ నన్ను అదోలా చూసింది. చూడనీ.

మార్చి 9

నేను పనిచేసే ముసలివాళ్ళ రెస్ట్ హోమ్‌లో జోన్‌కి స్నానం చేయిస్తూ ఆ కొమ్మ చూపించాను. "థైమ్, డియర్. బంగారం తవ్వుకోవడానికి వచ్చినవాళ్ళు తెచ్చి పడేశారు" అంది. జోన్‌కి ఎనభై నాలుగు. తొమ్మిదో ఏట ఊపిరి ఆడక, పొడి గాలి మంచిదని డాక్టరు చెబితే ఇక్కడికి తీసుకొచ్చారట. ఆరు నెలలు బతికితే గొప్ప అన్నారట. ఆ డాక్టరు పోయి కూడా యాభై ఏళ్ళయిందని నవ్వుతుంది.

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి ఆయనకి?

మార్చి 11, ఆదివారం

మొత్తం చెప్పాను. జోన్ సంగతి, థైమ్ సంగతి. "కొండంతా వామేనండీ." ఆయన నవ్వారు. "అయితే దగ్గొచ్చినప్పుడల్లా పిల్లని తీసుకెళ్ళి కొండకి ఆనించాలా?" నవ్వితే సగం పని అయినట్టే.

"చలి సంగతేంటి?" అన్నారు. "మధ్యాహ్నం జనం టీషర్టులతో తిరుగుతున్నారు" అన్నాను. పొద్దున సంగతి ఆయన అడగలేదు.

మార్చి 14

థైమ్ ఎండబెట్టి పోస్ట్ చేశాను. రెండు రోజుల్లో గలగలా ఎండింది. కాపడం పెట్టమని, ఇన్‌హేలర్ మాత్రం మానొద్దని చీటీ రాసి పెట్టాను.

మార్చి 18, ఆదివారం

ఇక్కడ ఎండాకాలం అయిపోయిందని గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సాయంత్రం తొందరగా చీకటి పడుతోంది.

ఆయన మూట కట్టి కాపడం పెట్టారట. "డాడీ, పిజ్జా వాసన" అందట. తర్వాత పడుకుంది. తెల్లారేదాకా లేవలేదట. "నిజంగానే పడుకుంది సువర్ణా." ఆయన గొంతు మారింది. "స్కూలు ఎంత దూరం?" అన్నారు. మొదటిసారి అడగడం. ఏడు నిమిషాల నడక. నేను రెండుసార్లు నడిచి చూసుకున్నాను, ఆ సంగతి చెప్పలేదు.

మార్చి 20

మంచు. తోటల్లో టమాటా మొక్కలు నల్లబడి వేలాడుతున్నాయి. నది పక్కన పోప్లర్ చెట్లు పచ్చబడుతున్నాయి... పసుపుపచ్చ.

అద్దెకిచ్చే ఇల్లు చూశాను. రెండు గదులు. హాల్లో కట్టెల పొయ్యి. "చలికాలమంతా మండుతూనే ఉంటుంది, వెచ్చగా ఉంటారు" అంది ఇంటావిడ. ఈస్టర్ ముందు గురువారం దాకా ఆగుతానంది. నేను కట్టెల ధర కూడా అడిగేశాను.

మార్చి 23, శుక్రవారం

సాయంత్రం ఐదున్నర. దుకాణం నుంచి నడిచి వస్తున్నా. ప్రతి ఇంటి మీదా పొగ. కాస్త పైకి లేస్తోంది, తర్వాత లేవడం లేదు. చుట్టూ కొండలు, గాలి ఊసే లేదు. పొగ అంతా ఊరి మీద దుప్పటిలా పరుచుకుంది. రోజూ ఎక్కడ్నుంచైనా కనిపించే కొండ మీది పెద్ద గడియారం ఇవాళ కనిపించలేదు. గొంతు మండింది.

ఇంటికొచ్చి కిటికీలు మూశాను. జడ విప్పితే జుట్టు నిండా పొగ.

మార్చి 24

జోన్‌ని అడిగాను. "మొదలైందన్నమాట. మా చిన్నప్పుడు ఇన్ని ఇళ్ళు లేవు. ఇప్పుడైతే చలికాలం నాలుగు నెలలు సాయంత్రం గడప దాటను" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎండ గురించే అడిగావు, డియర్."

నిజమే. నాకు వినాలనున్నవే అడిగాను.

మార్చి 25, ఆదివారం

చెప్పలేదు.

పోప్లర్లు బంగారంలా ఉన్నాయన్నాను. ఇక వచ్చేస్తామని, శుక్రవారం పని మానేస్తున్నట్టు నోటీసు ఇచ్చేస్తానని అన్నారు ఆయన. గ్రేస్ ఫోన్ లాక్కుని "మమ్మీ, ఐ టోల్డ్ మై టీచర్" అంది. గుడ్ గర్ల్ అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. రెస్ట్ హోమ్‌లో ఎవరికైనా కాస్త ఆయాసం వస్తే చార్టులో రాసేదాన్ని, నా పిల్ల ఊపిరి దగ్గర నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉంది.

మార్చి 27

గాలి వీచింది. పొగ లేదు. రోజూ ఉండదేమో... నన్ను నేనే బుజ్జగించుకుంటున్నాను.

మార్చి 28

ఉంది.

మార్చి 29, గురువారం

రేపు నోటీసు. భోజనం టైములో బయట బెంచీ మీద కూర్చుని ఆయనకి ఫోన్ చేశాను. పనిచేసే షాపులో ఉన్నారు, వెనక మిషన్ చప్పుళ్ళు. అంతా చెప్పేశాను. పొద్దున మైనస్ ఒకటి. సాయంత్రం కిటికీ తియ్యలేను. చలికాలం అంతా ఇంతేనట.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన శుక్రవారం నుంచి."

"మొన్న ఆదివారం మాట్లాడుకున్నాం కదా."

"ఊ."

తిడతారనుకున్నాను. "చెబితే మీరు రారేమోనని చెప్పలేదండీ. అంతే" అన్నాను. మిషన్ చప్పుళ్ళు తగ్గాయి, బయటికి నడిచినట్టున్నారు. తర్వాత మెల్లగా అన్నారు, "పోయిన నెల పిల్లని రెండుసార్లు హాస్పిటల్‌కి తీసుకెళ్ళా సువర్ణా. ఒకసారి పొద్దుటిదాకా ఉంచుకున్నారు. చెబితే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొచ్చేస్తావని చెప్పలేదు."

నాకు కోపం రావాలి. రాలేదు. నేను ఇరవై ఆరు డిగ్రీలు చెబుతుంటే, ఆయన ఉత్త దగ్గు అని చెబుతూ వచ్చారు. కలిసి కాపురం చేసిన పదేళ్ళలో ఇంతగా ఒకేలా ఎప్పుడూ లేము.

ఏప్రిల్ 1, ఆదివారం

ఆయన నోటీసు ఇవ్వలేదు. గంట మాట్లాడుకున్నాం, ఫోన్ కార్డు అయిపోయేదాకా. దాచిందేమీ లేదు ఇవాళ.

"పొగ ఎన్నింటికి మొదలవుతుంది?" ఐదింటికి. "ఎండ ఎన్నింటికి వస్తుంది?" చలికాలంలో తొమ్మిది దాటాకేనట. "స్కూలు మూడింటికి వదుల్తారు కదా, తర్వాత ఇంట్లోనే పెట్టుకుంటే?" ఇంట్లోనూ కట్టెల పొయ్యేనండీ. "హీటర్ పెట్టుకుందాం." పక్కింటి పొయ్యికి మనం హీటర్ పెట్టలేం కదా. అక్కడ గోడ, ఇక్కడ ఆకాశం. ఏది ఎక్కువ చెడ్డదో ఎవరినడగాలి?

పిల్ల డాక్టరునే అడుగుతానన్నారు.

ఏప్రిల్ 3, మంగళవారం

డాక్టరు కూడా తేల్చలేదట. కొంతమందికి పడుతుంది, కొంతమందికి పడదు, తీసుకెళ్ళి చూడండి అన్నారట.

శుక్రవారం వస్తున్నారు, ఇద్దరూ. నాలుగు రోజులు, ఒకటే సూట్‌కేస్. ఇంటావిడకి చెప్పాను, ఇంకో వారం ఆగమని. సరే అనలేదు, కాదనలేదు. "ఊరు చూడ్డానికి కాదు నేను వచ్చేది" అన్నారు ఆయన. "రాత్రి పక్కన పడుకుని పిల్ల ఊపిరి వింటాను. నువ్వూ విను. అప్పుడు చెప్పుకుందాం."

ఇవాళ సాయంత్రం గాలి బాగా వీస్తోంది, పొగ నిలవట్లేదు. శుక్రవారం నుంచి నాలుగు రోజులూ ఇలాగే వీచాలని ప్రార్థన చేద్దామని మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదలుపెట్టబోయి ఆగాను. గాలి వీస్తే పిల్ల హాయిగా నిద్రపోతుంది, మాకు ఏమీ తెలియదు. వీచకపోతే తెలుస్తుంది, కానీ నా కళ్ళ ముందే దగ్గుతుంది.

ఏం అడగాలో తెలియలేదు. అలాగే కూర్చున్నాను.