కొట్టంలో ఎడ్లు లేని సాయంత్రం

1968, ఆషాఢం, మంగళవారం రాత్రి

శ్రీకాకుళం డాక్టరు ఈయన కనురెప్ప లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు. కొవ్వు తీసేసిన పెద్దమాంసం నెల్లాళ్లు పెట్టండి. లేకపోతే ఏ జబ్బు తగిలినా తట్టుకోలేడు" అన్నాడు. నేను సరేనన్న దగ్గర్నుంచి అత్త నాతో మాట్లాడ్డం లేదు. ఎడ్లకి దండం పెట్టందే అరక కట్టని ఇల్లు మాది, అందులోకి గొడ్డుమాంసం!

ఇవాళ మా తమ్ముడు విజయనగరం నుంచి మాంసం తెచ్చాడు. అత్త గుమ్మం దాటనివ్వదనుకున్నాను. ఏమీ అనకుండా పెరట్లో మూడు రాళ్లు పేర్చి, కొత్త కుండ తెచ్చింది. నేను పొయ్యి ముట్టించబోతే "ఆగవే" అని, ఎడ్ల జతని విప్పి కళ్లంలోకి తోలుకుపోయింది.

తిరిగొచ్చి, "ఆటికి వాసన తగలకూడదు. ఆడికి మేకమాంసమని సెప్పు" అంది.

పొద్దున్నించీ మగతగా పడున్న ఈయన్ని సాయంత్రం లేపి, మాంసం ఉడికించిన రసం గిన్నెలో పోసి ఇచ్చాను. సగం తాగి ఆగిపోయారు.

"ఎడ్ల గంటలు ఇనబడ్డం లేదేటే?"

నేను అత్త వైపు చూశాను.

"మేతకెళ్లాయిరా" అంది అత్త.

"వానలోనా?"

బయట జల్లు పడుతోంది. గిన్నె కింద పెట్టేస్తారేమోనని చెయ్యి అడ్డం పెట్టబోయాను. కళ్లు మూసుకుని మిగతాది తాగేశారు.

"తోలుకొచ్చి కట్టెయ్యమ్మా, తడిసిపోతాయి. ముందు నా మంచం అటు తిప్పండి. కొట్టం వైపున్న ఆ కిటికీ నాకు కనబడకూడదు."

తిప్పాం. గోడవైపు తిరిగి పడుకున్నారు గానీ నిద్రపోలేదు. కొట్టంలో గంట కదిలినప్పుడల్లా దుప్పటి చెవుల మీదికి లాక్కుంటున్నారు.

ఇంకా నెల్లాళ్లు...