రెండుసార్లే ఎక్కిన బండి

బావగారికి,

అమ్మిపెట్టమని మీరు నా షెడ్డుకి పంపిన ఏటీవీని, అదే గుంటల్లో మిట్టల్లో తిరిగే మీ నాలుగు చక్రాల బండిని, నిన్న విప్పి చూశాను. ధర కట్టడానికి మనసు ఒప్పడం లేదు.

రెండుసార్లే ఎక్కాననీ, నడుం పట్టేసి మూలన పడేశాననీ అన్నారు. మీటరేమో బండి నూట ఎనభై గంటలు నడిచినట్టు చూపిస్తోంది. వెనక టైర్లు సగం అరిగాయి. సొంత బావమరిదికే టోపీ పెడతారా అని ఒళ్ళు మండింది.

తర్వాత బ్రేకు పెడల్ చూశాను. పొట్టి కాలికి అందేలా దాని మీద చెక్కముక్క పెట్టి, తాడుతో కట్టి ఉంది. ఆరడుగుల మనిషి, మీకెందుకది? ఆ ముడి నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నా బూట్లు ఊడకుండా అక్క వేసిన ముడి.

నిన్నటి నుంచి అక్క నాలుగుసార్లు ఫోన్ చేసి, "బేరం తగిలిందా?" అంది. లేదనగానే "అమ్మయ్య" అని పెట్టేసింది.

ఇంట్లో ఒక్క మాట కనుక్కుని రాయండి. అందాకా బండి అమ్మను. అక్క రోజూ గంటసేపు నడకకి వెళ్తున్నా ఒళ్ళు తగ్గడం లేదని మొన్న వాపోయారే, ఆ నడక కాళ్ళతోనేనా?

మీ బావమరిది