గాజు కప్పులో టీ

అక్కా,

నిన్న మా షాపుకి వస్తానన్న నువ్వు రాకపోయేసరికి, ఫోనూ ఎత్తకపోయేసరికి, నన్ను వదిలించుకున్నావనే అనుకున్నాను. దారిలో బస్సు ఆగిపోయిందని, ఆ గోలలో నీకు ఫోను వినపడలేదని నాకేం తెలుసు? అప్పుడు నా చేతిలో ఫొటో ఫ్రేముకి కొయ్యాల్సిన అద్దం ఉంది. అలాంటప్పుడు ఏమవుతుందో నీకు తెలుసుగా. చేతిలో ఉన్నదాన్ని విసిరికొట్టడానికి చెయ్యి దానంతట అదే లేస్తుంది, అదెవరి చెయ్యో అన్నట్టు నేను చూస్తూ నిలబడతాను. నిన్నా లేచింది. డాక్టరమ్మ నేర్పినట్టు గట్టిగా పైకే అనేశాను: "ఓనరుగారూ, నా చెయ్యి నా మాట వినేలా లేదండీ."

ఆయన తలెత్తకుండానే, "అయితే అద్దం కింద పెట్టి, మొహం కడుక్కుని రామ్మా. అదెక్కడికీ పారిపోదు," అన్నాడు.

పెట్టాను. పెట్టింది నేనే, అక్కా! కుళాయి దగ్గర నవ్వాగలేదు. తిరిగొచ్చి అదే అద్దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. నీ ఫోను వచ్చేసరికి ఫ్రేము కూడా బిగించేశాను. నీమీద కోపం ఇంకా కాస్త ఉందిలే, అది మామూలు చెల్లెలి కోపం.

ఆదివారం వస్తున్నాను. నేనొస్తున్నానంటే గాజు కప్పులన్నీ అటకెక్కించి, నాకొక్కదానికే స్టీలు గ్లాసులో టీ ఇస్తావని ఎప్పటినుంచో తెలుసు. ఈసారి నాకూ గాజు కప్పులోనే పొయ్యి. పగిలితే మాత్రం, పగలగొట్టింది నేనేనని ఒప్పుకుంటాను.

నీ చెల్లి