నాన్న ఫోటో వెనకున్న ఓడ

తమ్ముడు పోలినాయుడికి, జంషెడ్‌పూర్ నుంచి అన్న ఆదిబాబు రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం.

నాన్న పోయినప్పుడు, మన ముత్తాత మూటలు మోసిన కళింగపట్నం ఓడ అచ్చు బొమ్మ పటం విప్పి, ఆ బొమ్మ మీదే నాన్న ఫోటో పెట్టి బిగించేశావు. నన్నొక్క మాట అడగలేదు. అది నేను మర్చిపోలేదు.

పాత తెరచాప ఓడల అచ్చు బొమ్మలు నేను ఏరుకుంటున్న సంగతి నీకు తెలుసు. మొన్న ఇక్కడి సాక్చి బజారులో ఒకటి దొరికింది. దాని మీద ఎవరో లక్ష్మీదేవి క్యాలెండరు అంటించారు. పటాలు కట్టేవాడు లాగితే తెరచాపలన్నీ దాంతోపాటే ఊడొచ్చాయి. మీ వదిన, "ఏటయ్యా, ఓడతోపాటు నువ్వూ ములిగిపోయినట్టు కూకున్నావు?" అని నవ్వింది. నాకు మన ఓడే గుర్తొచ్చింది.

ఆనాడు నువ్వు జిగురు రాశావా, ఊరికే పైన పెట్టావా? నిజం రాయి. పటం నువ్వు విప్పకు, నేనొచ్చి విప్పుతాను. నాన్నకు కొత్త టేకు పటం చేయించాను, గోడ మీద ఆయన చోటు ఆయనదే. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? గోడకు చెమ్మ దిగుతోందా? పిల్లలకు దీవెనలు.

ఇక్కడ అందరూ పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజనాడు నేను నా ఓడల పటాలన్నిటికీ బొట్టు పెడతాను. ఆలోపు జవాబు రావాలి. రాకపోతే జిగురు రాశావనే అనుకుంటాను. అయినా వస్తాను, మిగిలినంత ఓడే తెచ్చుకుంటాను.