మోటార్లు ఆపండి

అక్టోబర్ 26

పొద్దున లేచి ఫోన్ చూస్తే నలభై ఏడు మెసేజులు. కాలువలో నీళ్లెలా ఉన్నాయని అడిగినవాడు ఒక్కడూ లేడు. నలభై ఏడూ ప్రళయం గురించే.

మొదలుపెట్టింది పెంచలయ్య బావ. ఇంకెవరు? గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తున్నాయట. సముద్రం అడుగున ఏదో పగిలిందట. కార్తీక పౌర్ణమి నాడు, జనం స్నానాలకి దిగిన వేళ, నీళ్లు లేచి హైవే మీద మనుబోలు దాకా పోతాయట. వీడియోలో ఒక గడ్డపాయన వేలు చూపించి మరీ బెదిరిస్తున్నాడు. దాని కింద బావ సొంతంగా రాసిన ముక్క — 'జాగర్తగా ఉండండి. నవ్వేవాళ్లు నవ్వుకోండి.'

నవ్వుకున్నాం.

ఈ గ్రూపు నేను పెట్టింది ఒక్క పనికి. కాలువ అందరిదీ ఒకటే. అందులోంచే నీళ్లు తోడుకోవాలి, అందులోకే వదలాలి. ఎవరి గుంటలో రొయ్యకి జబ్బొచ్చినా, తూము తెరిచే ముందు గ్రూపులో చెప్పాలి. మిగతావాళ్లు రెండు రోజులు మోటార్లు ఆపుకోవాలి. అంతే కట్టుబాటు. ఆరేళ్లలో ఎవడూ తప్పలేదు. ఇప్పుడు ఆ గ్రూపు ఇలా తగలడింది.

అక్టోబర్ 27

సుధాకర్ పెట్టాడు — 'ప్రళయానికి శంకుస్థాపన చేసింది మా ప్రభుత్వం. రిబ్బన్ మీవాళ్లు కత్తిరిస్తున్నారు.' టీ పొలమారింది నాకు. అవతలి పార్టీ అయితే అయింది, వాడికి నోరుంది. నేనూరుకుంటానా... 'మీవాళ్లు వేసిన శంకుస్థాపన రాయి మీద ఇంతవరకు ఏదైనా లేచిందా, ప్రళయం ఒక్కటి లేవడానికి?' అని కొట్టాను. మధ్యాహ్నం దాకా అదే యుద్ధం. రోడ్డు ఎవరు వేశారు, కరెంటు రేటు ఎవరు పెంచారు, ఎవరు ఎంత మెక్కారు. మేత వేయడం గంట ఆలస్యమైంది.

మధ్యలో బావ — 'పార్టీల గొడవ తర్వాత. సముద్రానికి పార్టీ లేదు.'

పార్టీ మారినవాడు అనాల్సిన మాటేనా ఇది? ఇరవై ఏళ్లు ఇద్దరం ఒకే జెండా మోశాం. పోయిన ఎన్నికల్లో నాతో ఒక్క మాట చెప్పకుండా అటు దూకాడు. అదే రాశాను. 'సముద్రం కూడా నీలాగే బావా, ఇవాళ ఈ ఒడ్డు, రేపు ఆ ఒడ్డు.' ముప్పైమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

అక్టోబర్ 30

గుంట దగ్గర్నుంచి వచ్చేసరికి సుజాత అటక మీది సంచి దించి కూర్చుంది. పట్టాదారు పాసు పుస్తకం, పిల్ల సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు. పౌర్ణమికి మనుబోలు పోదామంటుంది, వాళ్లక్క దగ్గరికి. నీళ్లు అక్కడి దాకా వస్తాయన్నారు కదా, ఇంకొంచెం అవతలికి పోదాం అన్నాను. ఎగతాళి అని కూడా తెలియలేదు. గూడూరైతే నయమా అని అడుగుతోంది!

ఎవరు ఎక్కించారో అడగక్కర్లేదు. పెంచలయ్య దీని పెదనాన్న కొడుకు. అన్న చెప్తే వేదం, మొగుడు చెప్తే సొల్లు. ఇంకో నెలకి పంట చేతికొచ్చే టైంలో ఇల్లు వదిలి పోదామట.

అక్టోబర్ 31

బావ కట్ట ఎత్తు పెంచుతున్నాడు. మిషన్ పెట్టి మరీ. లోకం అంతమవుతుందని ఊరందరికీ చెప్పి, తన గుంట చుట్టూ మాత్రం అడుగు మందం మట్టి పోయించుకుంటున్నాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను.

సుజాతకి కోపం. ఆయనకి రెండు పంటలు వరసగా పోయాయి, ఇది కూడా పోతే గుంట వదిలేసి కృష్ణపట్నం పోర్టులో సెక్యూరిటీ పనికి పోతానన్నాడట. యాభై నాలుగేళ్ల మనిషి గేటు దగ్గర నిలబడి కుర్రకుంకలకి సెల్యూట్ కొట్టాలా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కొట్టమని నేను చెప్పానా?

నవంబర్ 1

వాన. నీళ్ల రంగు మారింది. మునిశేఖర్‌ని రమ్మన్నాను, ఎల్లుండి వస్తానన్నాడు. మా టెక్నీషియన్ దొర ఎప్పుడూ ఎల్లుండే వస్తాడు.

నవంబర్ 2

ఇంకో వీడియో. ఈసారి మూడో ప్రపంచ యుద్ధం. అది అయ్యాక మిగిలిన మనుషుల్ని కంప్యూటర్లు పాలిస్తాయట. సుధాకర్ — 'పాలించనీండబ్బా. అవన్నా పార్టీ మారవు.' ఈ దెబ్బకి నేనే చప్పట్లు కొట్టాను.

నవంబర్ 3

బావని గ్రూపులోంచి తీసేశాను.

ఇంక రెండు రోజులే ఉందని పొద్దున్నే మళ్లీ పెట్టాడు. ఇంట్లో సుజాత అన్నం మానేసి సంచి పక్కన కూర్చుంది. ఒళ్లు మండిపోయింది. రాశాను — 'సముద్రం వస్తే మా బావకేం భయం? ఆ ఏటి తుఫానుకి ఎక్కిన తాడిచెట్టు ఇంకా అట్నే ఉండాది.' నలభైమంది నవ్వారు. ఒకడు తాడిచెట్టు బొమ్మ కూడా పెట్టాడు.

పది నిమిషాల తర్వాత వాయిస్ మెసేజ్. నా పార్టీని, నా పుట్టుకని, పోయిన మా అమ్మని... ఒక్కటి వదల్లేదు. సుజాత పక్కనుండగా మోగింది మొత్తం. అడ్మిన్‌ని నేను. ఒక్క నొక్కు నొక్కాను. బూతులు మాట్లాడితే ఎవడినైనా తీసేస్తాను, బావ అయితే ఏంటి?

సుజాత ఒక్కటే అంది. "ఆ చెట్టు సంగతి ఎందుకెత్తినావు?"

నవంబర్ 4

ఎత్తకూడదు. సరే.

ఆ తుఫాను రోజు బావ చెట్టెక్కి బతికాడు. వాళ్ల నాయన కట్ట మీదే ఉండిపోయాడు. రెండో రోజుకి దొరికాడు. పాడెకి ఒక పక్క భుజం పట్టింది నేనే. అన్నీ తెలిసే రాశాను.

మళ్లీ చేర్చమని అడిగితే చేరుస్తాను. అడగనీ ముందు.

నవంబర్ 5

పౌర్ణమి. సముద్రం ఉన్నచోటే ఉంది. జనం మునిగి, దీపాలు వదిలి, ఇసుక దులుపుకుని ఇళ్లకొచ్చారు.

గ్రూపులో సంబరం. మనుబోలులో అలలు ఎంత ఎత్తుకి లేస్తున్నాయని ఒకడు. ప్రళయం వాయిదా, కోర్టు స్టే ఇచ్చిందని సుధాకర్. నేనూ రెండు వేశాను. కానీ చదివి ఉడుక్కోవాల్సిన మనిషి గ్రూపులో లేడు. సగం రుచి పోయింది.

సుజాత సముద్రానికి రాలేదు. మనుబోలూ పోలేదు. తులసి కోట దగ్గర దీపం పెట్టుకుంది, నాతో మాట్లాడకుండా.

నవంబర్ 7

మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉంది. పట్టపగలు గట్టు వెంబడి రొయ్యలు, ఈదే ఓపిక లేక. మునిశేఖర్ ఒకదాని తల పెంకు ఒలిచి వెలుతురుకి పట్టాడు. తెల్లమచ్చలు. నా మొహం చూడకుండా చేతులు కడుక్కున్నాడు.

రేపే నీళ్లు తీసి పట్టేయాలి. చచ్చేలోగా పడితే కొంతైనా కొనేవాడు ఉంటాడు. డెబ్బై రోజుల పంట... నా గుంటకే రావాలా?

నవంబర్ 8

'నా గుంటలో తెల్లమచ్చ. తూము తెరుస్తున్నా. రెండు రోజులు మోటార్లు ఆపండి.' మధ్యాహ్నం పన్నెండుకి పెట్టాను. పది నిమిషాల్లో అందరూ సరే అన్నారు. సుధాకర్ ఫోన్ చేసి బాధపడ్డాడు. పార్టీ మాట ఎత్తలేదు, అది విచిత్రం.

మందు చల్లి, నీళ్లు వారం నిలబెట్టి అప్పుడు వదలాలంటాడు మునిశేఖర్. వారం ఆగితే పట్టడానికి ఏం మిగులుతుంది? తెరిచాను.

సుజాత కట్ట మీదికి టీ తెచ్చింది. నీళ్లు పోతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. దిగువన ఎవరిదో ఇంజను ఆడుతోంది. పౌర్ణమి పోటుకి కాలువ నిండుగా ఉంది కదా, తోడుకునేవాళ్లు తోడుకుంటారు.

బావకి ఫోన్ చేయాలా అనుకున్నాను. అన్ని తిట్లు తిట్టించుకుని నేనే చేయాలా? గ్రూపులో అరవైమంది ఉన్నారు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

నవంబర్ 9

రొయ్యల పట్టుబడి అయింది. వచ్చినకాడికి వచ్చింది. రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 11

గ్రూపులో ఒకడు — 'సముద్రం రాలేదు గానీ రమణన్న గుంటకి ప్రళయం వచ్చింది.' పదకొండుమంది నవ్వారు. కాసేపటికి మెసేజ్ తీసేశాడు, కానీ నేను చూసేశాను. నవ్విన పేర్లన్నీ గుర్తున్నాయి నాకు. వీళ్ల కోసమా నేను ఇన్నాళ్లు జోకులు వేసింది!

పరిహారం ఎవరి ప్రభుత్వం ఇచ్చింది, ఎవరిది ఎగ్గొట్టిందని సాయంత్రం దాకా కొట్టుకున్నారు. నా గుంట పేరు పెట్టుకుని. నన్ను ఎవడూ అడగలేదు.

నవంబర్ 14

బావ గుంట మీద కాకులు. మా కట్ట నుంచి కనబడుతున్నాయి. గుంపులు గుంపులుగా దిగుతున్నాయి.

సుధాకర్ ఫోన్. పెంచలయ్యన్న గుంట పోయింది, ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం నీళ్లు తోడుకున్నాడంట, ఎవురూ చెప్పలేదా ఆయనకి అని అడిగాడు. నువ్వు చెప్పలేదా అన్నాను. "నీ బావ గదా. నువ్వు చెప్పుంటావనుకున్నా" అన్నాడు.

ఇంకో ఇద్దరికి చేసి అడిగాను. ఇద్దరూ అదే మాట. నా బావ కాబట్టి నేను చెప్పుంటానని. కాలువ మీద ఉన్నవాళ్లందరూ అదే అనుకుని ఊరుకున్నారు.

నవంబర్ 15

సుజాత వాళ్లన్న ఇంటికి పోయి వచ్చింది. అన్నం తిన్నాడా అంటే తల అడ్డంగా ఊపింది. కృష్ణపట్నం పోయి ఎవరినో కలిసి వచ్చాడని బయట విన్నాను.

నవంబర్ 16

మేత కొట్టు వరండాలో రైతులందరం కూర్చున్నాం. కట్టుబాటు ఎవరు తప్పారో తేల్చాలని పెద్దలు పిలిచారు. నేను ఫోన్ చూపించాను. ఎనిమిదో తారీఖు, పన్నెండు గంటలు. అందరూ ఎవరి ఫోన్ వాళ్లు తీసి చూసుకున్నారు. రమణ తప్పు లేదన్నారు. సుధాకర్ కూడా అదే అన్నాడు, నేల చూస్తూ. గ్రూపులోంచి ఎందుకు తీసేశావని ఎవడూ అడగలేదు. ఆ రోజు నవ్వినవాళ్లేగా అందరూ.

బావ మూల బల్ల మీద కూర్చుని అంతా విన్నాడు. గడ్డం మాసి ఉంది. పార్టీ ఎత్తలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గ్రూపులో పెట్టినావు. కాదనను. నా ఇంజను చప్పుడు నీ కట్ట మీదికి వినపళ్లేదా, రమణా?"

"వినపళ్లేదు బావా."

తడుముకోకుండా వచ్చేసింది నోట్లోంచి. ఆయన తల ఊపి చెప్పులేసుకుని పోయాడు.

నవంబర్ 17

విన్నాను.

ఆ రోజు ఇక్కడ కూడా 'ఎవరిదో' ఇంజను అని రాసుకున్నాను. ఇప్పుడు పేజీ తిప్పి చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఎవరిదో ఏంటి? ఆ ఇంజను మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది, దగ్గు పట్టిన మనిషిలా. పదేళ్లుగా వింటున్న చప్పుడు. ఫోన్ తీశాను. బావ పేరు దాకా పోయాను. అప్పుడు ఆ వాయిస్ మెసేజ్ గుర్తొచ్చింది, మా అమ్మని అన్న మాట. కాసేపు ఆగి చేద్దాంలే అనుకున్నాను. ఆ కాసేపట్లో ఆయన ఎంత నీళ్లు తోడుకున్నాడో.

గుంట పోవాలని కోరుకున్నానా? లేదు. లేదనే అనుకుంటున్నాను... ఆయన మెసేజ్ గుర్తొచ్చినప్పుడు ఏమనుకున్నానో మాత్రం సరిగా గుర్తు లేదు.

నవంబర్ 18

బావని మళ్లీ గ్రూపులో చేర్చాను. నిమిషంలో బయటికి పోయాడు.

సూర్యుడు చల్లబడతాడని ఎవడో కొత్త వీడియో పెట్టాడు. ఎవరూ జోకు వేయలేదు. నేను చివరిదాకా చూశాను.

నవంబర్ 19

మధ్యాహ్నం భోజనం అయ్యాక సుజాత చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"రేపు పొద్దున అన్న వస్తాడంట. నీ కోసం కాదు. నన్నొక మాట అడగాలంట."

ఏం మాట అన్నాను.

"ఆ రోజు నేను టీ తీసుకొని కట్ట మీదికి వచ్చినానని ఆయనకి ఎవరో చెప్పినారు."

ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

"నాక్కూడా వినపడింది," అంది. "నువ్వు ఫోన్ చేతిలో పట్టుకొని ఉండావు. అన్నకే చేస్తా ఉండావనుకున్నా. అందుకే నేను చెయ్యలా."

రాళ్లు ఏరి పక్కన పెట్టింది. చాలాసేపు పట్టింది. చాట తీసుకుని లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది.

"ఏం చెప్పమంటావో ఇప్పుడే చెప్పు. రేపు ఆయన ముందర నేను నీ మొహం చూడను."

నాలుగైంది. లోపల గిన్నెల చప్పుడు. నేనింకా ఏమీ చెప్పలేదు.