నాన్న నింపిన గాలి

నవంబర్ 9, ఆదివారం
సీజన్‌లో మొదటి సైకిల్ రేసు. నాలుగో స్థానం. మూడు రేసుల పాయింట్లు కలిపి ముగ్గురినే రాష్ట్రం టీములోకి తీసుకుంటారు... నాలుగంటే ఇంటికే. ట్యాంకర్‌తో నీళ్లు పోసి చేసిన బురద, చెక్క అడ్డాలు, సైకిల్ భుజానికెత్తుకుని ఎక్కాల్సిన మెట్లు. ఒళ్లు హూనం. నాన్న ఫోన్ ఎత్తగానే "తిన్నావేటి?" అన్నాడు. ఎన్నో స్థానమో అడగలేదు. అందుకే ఏడుపొచ్చింది.

నవంబర్ 12
మోకాలు వాచింది. అమ్మ పసుపు పట్టు వేస్తూ — "సైకిలు మనిషిని మొయ్యాలి గానీ, మనిషి సైకిల్ని మొయ్యడమేటే? ఎవులైనా ఇంటే నవ్విపోతారు." మన రిసాలి కాలనీ అంతా ఎప్పుడో నవ్వేసింది, అమ్మా.

నవంబర్ 23
రెండో స్థానం! రెండో!! నాన్న మిల్లులో షిఫ్టు మొత్తానికి జిలేబీలు పంచాడట. "మా పిల్ల ఫస్టొచ్చీసింది" అని చెప్పాడట. ఫస్టు కాదు నాన్నా, సెకండ్ అంటే — "ఒకటేలే అమ్మా."

నవంబర్ 30
మెట్ల ప్రాక్టీసు. నలభై సార్లు. ఇక రాయలేను.

డిసెంబర్ 6
రేపు ఆఖరి రేసు. పాయింట్లలో ఇప్పుడు మూడో చోట ఉన్నాను. నిలబెట్టుకుంటే చాలు, దేవుడా. టైర్లలో గాలి బాగా తగ్గించి పెట్టాను — మెత్తగా ఉంటేనే బురదలో పట్టు దొరుకుతుంది. సైకిల్ వరండాలో ఉంది. పెందలాడే పడుకోవాలి.

డిసెంబర్ 7
ఏడో స్థానం. టీములో లేను.
మొదటి మలుపులోనే జారిపడ్డాను. లేచాను. మెట్ల ముందు మళ్లీ పడ్డాను. టైరు నొక్కితే రాయి. మా కోచ్ దీదీ "కిస్‌నే భరా ఇత్‌నా?" అని అరిచింది, ఇంత గాలి ఎవరు నింపారని.
తాడు అవతల నాన్న, నీళ్ల సీసాతో. "పొద్దున్న సూసేను, గాలి దిగిపోనాది... నానే నింపీసేనమ్మా." నవ్వుతూ చెప్పాడు. కూతురికి సాయం చేశానన్న నవ్వు.
కోపం వస్తే నాకు తెలుగు రాదు, ఈ ఊరి హిందీయే వస్తుంది. "ఆప్‌కో కుఛ్ పతా భీ హై, పాపా?" నీకసలేమైనా తెలుసా అని, అందరి ముందూ. నాన్న సీసా మూత బిగించి పక్కకెళ్లి నిలబడ్డాడు.
స్టార్టుకు ముందు టైరు నేనే నొక్కి చూసుకోవాలి. చూసుకోలేదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

డిసెంబర్ 9
నాన్న డ్యూటీకెళ్లాడు, కేరేజీ ఇక్కడే వదిలేసి. అమ్మ — "ముప్పై ఏళ్లు సైకిలు మీదే డూటీకెల్లేడు. టైరు నొక్కి సూడకుండా ఒక్కరోజు గేటు దాటనేదు. నీది మెత్తగుంటే ఆయన పేనం ఊరుకుంటాదేటి?"
నిజమే. ఈ ఊళ్లో సైకిల్ మీద షిఫ్టుకెళ్లే ఎవరికైనా, గాలి తక్కువంటే సైకిల్‌కి జబ్బు చేసినట్టే. నా రేసుకి మెత్తగానే ఉండాలని నేనెప్పుడైనా విడమరిచి చెప్పానా? లేదు. నాన్నంటే నాకు ప్రాణం. ఈ నోరే పాపిష్టిది.

డిసెంబర్ 11
దీదీ ఫోన్. టీములో ఒకమ్మాయికి చెయ్యి విరిగిందట, పాపం. ఆ ఒక్క చోటుకీ ఆదివారం ట్రయల్, ఐదుగురం. నువ్వూ రా నాన్నా అన్నాను. "నానెందుకులే అమ్మా... నువ్వెల్లిరా."

డిసెంబర్ 14
ట్రయల్ అయింది. ఒక్కొక్కరినే వదిలి టైము రాసుకున్నారు. నేను పడలేదు. అంతకు మించి ఏమీ తెలియదు, లిస్టు సాయంత్రం పంపుతారట.
నాన్న వచ్చాడు. లీవు పెట్టి మరీ. సైకిల్‌కి నాలుగడుగుల దూరంలో, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెద్దాఫీసరు ముందు నిలబడ్డట్టు. సారీ అందామనుకుని, "కాస్త పట్టుకో నాన్నా, లేసు కట్టుకోవాలి" అన్నాను. హ్యాండిల్ వేళ్ల చివర్లతో పట్టుకున్నాడు. "ఇలాగేనా?" ఇలాగే నాన్నా. కట్టిన లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను.
ఆరైంది. లిస్టు రాలేదు. నాన్న వరండాలో సైకిల్ దగ్గర కూర్చున్నాడు, పక్కన బకెట్టు, పాత గుడ్డ. ఇప్పుడే పిలిచాడు — "అమ్మా, టైరుకి బురదంటుకుంది... ముట్టుకోవచ్చేటి?"
ఇంకో గుడ్డ తీసుకుని వెళ్తున్నాను.